నొప్పి లేదన్న మాట

నాలుగేళ్ళ క్రితం మే నెలలో ఒక మధ్యాహ్నం. మా అమ్మ డాబా మీద మాగాయ ముక్కలు ఎండబెట్టి కిందికి దిగి వచ్చింది. నేను సెలవులకి ఊరొచ్చి, ముందుగదిలో కూర్చుని ఏవో కాగితాలు దిద్దుకుంటున్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళిన దారి పొడుగునా గచ్చు మీద తడి అడుగులు. కాళ్ళు కడుక్కుని తుడుచుకోకుండా వచ్చిందనుకున్నాను. పావుగంటైనా ఆ తడి ఆరలేదు. వేలితో తాకితే జిగురుగా ఉంది. పరుగెత్తి వెళ్ళి చూస్తే రెండు అరికాళ్ళూ బొబ్బలెక్కి ఉన్నాయి, కుడికాలి బొబ్బ చితికి నీరు కారుతోంది. "ఇదేంటమ్మా, ఇంత కాలితే తెలీలేదా?" అని అరిచాను. అమ్మ స్టూలు మీద కూర్చుని కాలు మడిచి, వేరెవరి కాలో చూసినట్టు చూసుకుని, "నొప్పేం లేదే" అంది.

ఆ మాట అబద్ధం కాదు. ఆవిడకి నిజంగానే నొప్పి లేదు. అంతకు రెండేళ్ళ ముందు ఉండేది. పదేళ్ళుగా షుగరున్న మనిషి. రాత్రిళ్ళు అరికాళ్ళు భగభగ మండుతున్నాయనీ, చీమలు పాకినట్టుందనీ, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నాననీ చెప్పేది. తడిగుడ్డ చుట్టుకుని, చల్లటి గోడకి పాదాలు ఆనించి పడుకునేది. కోనసీమలో కాలవగట్టు మీద ఊరు మాది. తమ్ముడు టౌనుకి తీసుకెళ్ళి ఒక డాక్టరుకి చూపిస్తే, "నరాల బలహీనతమ్మా, ఈ వయసు ఆడవాళ్ళకి మామూలే" అని బలానికి ఇంజక్షన్లు రాశాడు. కొన్ని నెలల తర్వాత "తగ్గిందామ్మా?" అని అడిగితే అమ్మ "ఆయ్, తగ్గిందండి" అంది. మా కోనసీమ 'ఆయ్'లో అంగీకారమూ మర్యాదా ఒద్దికా అన్నీ కలిసి ఉంటాయి. హైదరాబాదు నుంచి నేను ఫోను చేసి అడిగినా తగ్గిందనే చెప్పింది. అందరం సంతోషించాం. నరం చచ్చిపోతే కూడా మంట తగ్గుతుందని మాకెవరికీ తెలియదు.

నేను సాహిత్యంలో డాక్టరేటు చేశాను. స్త్రీల కథల్లో శరీర వేదన మాటల్లోకి ఎలా వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది నా పరిశోధన విషయం. మూడొందల పేజీలు రాశాను. అందులో మౌనం గురించి ఒక అధ్యాయం మొత్తం ఉంది. సొంత తల్లి "లేదు" అన్నప్పుడు మాత్రం ఆ మాటని పైపైన విని ఫోను పెట్టేశాను. ఆ మాటని ఎలా విని ఉండాల్సింది అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. సమాధానం వెతుక్కుంటూ నాకు ఏమాత్రం పరిచయం లేని నాడీకణాల శాస్త్రంలోకి వెళ్ళాను.

ముందు 'నరం' అనే మాట సంగతి. చేతి మీద ఉబ్బి కనిపించే రక్తనాళాన్ని నరం అంటాం. మడమ వెనక బిగుసుకునేదాన్నీ నరం అంటాం. మెడ పట్టేస్తే నరం మీద నరం ఎక్కిందంటాం. మాట నిలకడ లేనివాళ్ళది నరం లేని నాలుకంటాం. ఇన్ని అర్థాల మధ్య 'నరాల బలహీనత' హాయిగా దాక్కుంటుంది. నడివయసు దాటిన స్త్రీ ఏ బాధ చెప్పినా దీన్ని అతికించవచ్చు. ఇది జబ్బు పేరులా వినిపిస్తుంది గానీ, నిజానికి ఇంతకన్నా వినక్కర్లేదని చెప్పడానికి వాడుతున్న పేరు. పశ్చిమ దేశాల వైద్యం ఇదే పని గర్భాశయానికి గ్రీకులు వాడిన మాట నుంచి పుట్టిన 'హిస్టీరియా'తో చేసింది. అమెరికా మానసిక వైద్యులు తమ రోగాల పట్టిక నుంచి ఆ పేరు తీసేసింది 1980లో.

ఇక అసలు నరాల గురించి. కాలి బొటనవేలి స్పర్శని మోసే నాడీకణం నడుము దగ్గర వెన్నుపాము పక్కన ఉంటుంది. దాని తంతువు అక్కడి నుంచి వేలి కొస దాకా దాదాపు ఒక మీటరు సాగుతుంది. కంటికి ఆనని సన్నటి ఒక్క కణం, అంత పొడవు. డెల్టాలో పుట్టినవాళ్ళం కనక నరమనగానే మనకి కాలవ గుర్తొస్తుంది. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీరు మా ఊరి పంటబోదె దాకా వచ్చినట్టు, కాలి వేలి దగ్గర పుట్టిన నొప్పి మెదడు దాకా పారుతుందనుకుంటాం. నిజానికి అలా ఏదీ పారదు. తంతువు పొరకి లోపల పొటాషియం, బయట సోడియం ఎక్కువగా ఉంటాయి. దానివల్ల బయటితో పోలిస్తే లోపలివైపు సుమారు 70 మిల్లీవోల్టుల రుణ విద్యుత్తు నిలిచి ఉంటుంది. తగిలిన వేడిగానీ ఒత్తిడిగానీ ఒక హద్దు దాటితే ఆ చోట పొరలో ఉన్న తలుపులు తెరుచుకుని సోడియం లోపలికి వస్తుంది. అక్కడ మారిన విద్యుత్తు పక్క తలుపుల్ని తెరుస్తుంది, అవి ఆ పక్కవాటిని తెరుస్తాయి. స్క్విడ్ అనే సముద్రజీవికి ఉండే లావుపాటి నాడీతంతువు మీద ప్రయోగాలు చేసి, 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ దీన్ని లెక్కలతో సహా వివరించారు.

దీనికి కాలవకన్నా నాట్ల పాట మంచి పోలిక అనిపిస్తుంది నాకు. చేలో ఆడవాళ్ళు వరసగా వంగి నాట్లు వేస్తుంటే ఒక చివరనున్న మనిషి పాట ఎత్తుకుంటుంది. ఆమె గొంతు ఆ చివరి దాకా వినబడదు. పక్కామె అందుకుంటుంది, ఆమె నుంచి ఆ పక్కామె. ప్రతి మనిషీ తన గొంతు మొత్తం పెట్టి మళ్ళీ మొదలెడితేనే పాట చేను దాటుతుంది. నరంలో సంకేతం కూడా అంతే. ప్రతి చోటా కొత్తగా, పూర్తిగా పుడుతుంది కనకే మీటరు దూరం వచ్చినా తగ్గిపోదు.

ఇంకో సంగతి ఉంది. ఒక నరంలో చిన్న నొప్పికి చిన్న సంకేతం, పెద్ద నొప్పికి పెద్ద సంకేతం ఉండవు. హద్దు దాటితే సంకేతం పూర్తిగా పుడుతుంది, దాటకపోతే అసలు పుట్టదు. బాధ పెరిగేకొద్దీ అదే సంకేతం మళ్ళీ మళ్ళీ, ఇంకా తొందర తొందరగా వస్తుంది. 1920లలో ఏడ్రియన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఒక్కొక్క నాడీతంతువు సంకేతాల్ని విడిగా నమోదు చేసి దీన్ని చూపించాడు. 1932లో షెరింగ్టన్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఇది చదివినప్పుడు నాకు అమ్మ ఫోన్లు గుర్తొచ్చాయి. ఆవిడెప్పుడూ గొంతు పెంచలేదు. అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పింది. దానికి మేం పెట్టిన పేరు సణుగుడు.

రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే నరాలూ, వాటిని పోషించే సన్నటి రక్తనాళాలూ దెబ్బతింటాయి. అన్నిటికన్నా పొడుగైన నరాలు ముందు దెబ్బతింటాయి గనక తేడా కాలి వేళ్ళ కొసల్లో మొదలై, మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. దెబ్బతింటున్న నరం ముందే మూగబోదు. ఏమీ తగలకపోయినా తనంతట తాను సంకేతాలు పుట్టిస్తుంది. అమ్మ చెప్పిన మంట, చీమలు పాకడం అవే. ఆ తర్వాత ఒక్కొక్క తంతువే చచ్చిపోతుంది, మంట తగ్గుతుంది. తిమ్మిరి, మంట, తిరిగి నెమ్మది అన్న వరసని మనం కోలుకోవడంగా చదివాం. అది వెనకనుంచి చదవాల్సిన కథ.

అమ్మ దగ్గర మాటలకి కొదవ లేదు. వర్జీనియా వుల్ఫ్ 1926లో జబ్బు గురించి వ్యాసం రాస్తూ, గొప్ప గొప్ప ఆలోచనలు చెప్పగల ఇంగ్లీషుకి వణుకూ తలనొప్పీ చెప్పడానికి మాటల్లేవని వాపోయింది. ఆవిడ మన వంటిళ్ళలోకి వచ్చి వింటే ఏమనేదో! సలుపు, పోటు, తీపు, లాగుడు, పీకుడు, గుంజుడు, మంట, తిమ్మిరి. కలుక్కుమనడం, చురుక్కుమనడం, జివ్వుమనడం. బహువచనంలో 'నొప్పులు' అంటే చాలు, ఆడవాళ్ళందరికీ అర్థమైపోతుంది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' కవితతో ఆ నొప్పుల్ని తెలుగు కవిత్వంలోకి తెచ్చినప్పుడు కొందరు ఉలిక్కిపడ్డారు గానీ, ఆడవాళ్ళకి ఆ భాష కొత్త కాదు.

పైగా ఈ మాటలు శాస్త్రానికి దూరం కూడా కాదు. పొయ్యి మీద గిన్నె చేతికి తగిలితే ముందు చురుక్కుమంటుంది, ఒక క్షణం ఆగి మంట మొదలవుతుంది. నొప్పిని మోసే నరాలు రెండు రకాలు కావడమే దీనికి కారణం. పలచటి కొవ్వుపొర చుట్టుకున్నవి సెకనుకి 5 నుంచి 30 మీటర్ల వేగంతో సంకేతాన్ని మోస్తాయి. ఆ పొర లేనివి సెకనుకి 2 మీటర్లు దాటవు. మన ఆడవాళ్ళు వేలు కాల్చుకుని ఈ తేడాని ఎప్పుడో కనిపెట్టి, రెండు వేర్వేరు మాటలు పెట్టుకున్నారు. మా అమ్మ చెప్పిన మంట, చీమలు, దుప్పటి ఓర్చలేకపోవడం, రాత్రిపూట ఎక్కువవడం షుగరువల్ల నరం దెబ్బతింటోందని చెప్పే లక్షణాలు. వైద్య పుస్తకాల్లో ఇంచుమించు ఇలాగే రాసి ఉంటాయి. ఆవిడ రోగనిర్ధారణ చేసి ఇచ్చినంత పని చేసింది. ఆ బల్లకి అవతలివైపు ఆ మాటలన్నీ కలిసి 'బలహీనత' అయిపోయాయి.

నొప్పి పోవడం ఆరోగ్యం కాదని మా ప్రాంతానికి ఎప్పుడో తెలిసి ఉండాలి. రామచంద్రపురంలో కెనడా బాప్టిస్టు మిషను వాళ్ళు కుష్ఠు వ్యాధిగ్రస్తుల కోసం ఆశ్రమం నడిపారు. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఆ జబ్బొస్తే వేళ్ళు వాటంతటవే రాలిపోతాయని చెప్పేది. 1873లో హాన్సెన్ కనిపెట్టిన ఆ సూక్ష్మజీవి నరాల చుట్టూ ఉండే కణాల్లో కాపురం పెట్టి స్పర్శని చంపేస్తుంది. వేళ్ళు వాటంతటవే రాలవని 1940ల చివర్లో వెల్లూరులో పనిచేసిన పాల్ బ్రాండ్ గమనించాడు. వేడి గిన్నె పట్టుకున్నా, చెప్పులో మేకు దిగినా తెలియకపోవడంవల్ల, ఒక్కొక్క గాయమే ముదిరి ఆ కాళ్ళూ చేతులూ పాడవుతున్నాయి. నొప్పి కాపలా కాయని చోట మామూలు రోజులే శరీరాన్ని తినేస్తాయి. మా డాబా గచ్చు అమ్మ కాళ్ళకి చేసింది అదే.

ఇక్కడి దాకా ఇది నరాల సంగతి. కానీ అమ్మ 'లేదు' అన్న మాట ఒక్క నరాల నుంచే వచ్చిందా? నరాలు బతికున్న రోజుల్లో కూడా ఆవిడ సగం బాధలకి లేదనే చెప్పింది. భూదేవంత ఓర్పు అని మనం ఆడవాళ్ళని పొగుడుతాం. ఆ ఓర్పు ఎంత దాకా పోతుందో చెప్పే ఒక ఉదాహరణని అమర్త్య సేన్ తన రచనల్లో ఇచ్చాడు. బెంగాల్ కరువు వచ్చిన మరుసటి ఏడు, 1944లో, కలకత్తా దగ్గరి సింగూరులో ఒక ఆరోగ్య సర్వే జరిగింది. భార్య పోయిన మగవాళ్ళలో 48.5 శాతం తమ ఆరోగ్యం బాగాలేదనో అంతంతమాత్రమనో చెప్పారు. భర్త పోయిన ఆడవాళ్ళలో అలా చెప్పినవాళ్ళు 2.5 శాతం. ఆ కాలపు బెంగాల్‌లో వితంతువు ఏం తినేదో, ఎలా బతికేదో తెలిసినవాళ్ళెవరూ ఈ రెండో అంకెని ఆరోగ్యానికి కొలతగా తీసుకోలేరు.

ఓర్పు ఊరికే వచ్చేది కూడా కాదు. సంకేతమేదీ లేకుండా కూర్చున్న నరం విశ్రాంతిగా ఉందనుకుంటాం. ఆ సమయంలో కూడా అది లోపలికి కారిన సోడియాన్ని బయటికి తోడుతూనే ఉంటుంది. మూడు సోడియంలు బయటికి, రెండు పొటాషియంలు లోపలికి, ప్రతి విడతకీ ఒక ఏటీపీ అణువు ఖర్చు. ఒంటి బరువులో రెండు శాతమున్న మెదడు మన శక్తిలో అయిదో వంతు వాడుకుంటుంది. అందులో పెద్ద భాగం ఈ తోడిపోతకే. ఆ ఏటీపీని 1929లో వేరుచేసి చూపినవాళ్ళలో ఒకరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి ఆ పని చేశాడు. అదే కాలంలో జర్మనీలో లోమాన్ కూడా చేశాడు. సుబ్బారావు 1948లో అమెరికాలోనే పోయాడు, వెళ్ళాక మళ్ళీ ఇంటికి రాలేదు. ఆయన భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. సుబ్బారావుకి దక్కాల్సిన గుర్తింపు దక్కలేదని మనం సరిగ్గానే బాధపడతాం. శేషగిరి పేరు ఆ కథలో ఒక వాక్యం. ఊరుకోవడానికి, ఎదురుచూడడానికి ఎంత శక్తి పడుతుందో లెక్కగట్టే అణువుని కనిపెట్టినవాడి ఇంట్లోనే ఒక మనిషి ఎదురుచూపుకి లెక్క లేదు.

సరే, అయితే ఏం చెయ్యాలి? ఇక్కడే నాకు చిక్కు వచ్చింది. స్త్రీ తన ఒంటి గురించి చెప్పిన మాటని నమ్మాలి అన్నది మనం చాలా కష్టపడి సంపాదించుకున్న సూత్రం. 1991లో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' పుస్తకం మన చేతుల్లో పెట్టింది కూడా ఆ ధైర్యాన్నే. మన శరీరం మనకి తెలుసు, తెలుసుకునే హక్కు మనది. నొప్పి మీద పరిశోధించే అంతర్జాతీయ సంఘం కూడా 1979లో ఇచ్చిన తన నిర్వచనాన్ని 2020లో సవరించినప్పుడు, నొప్పి ఉందని మనిషి చెబితే ఆ మాటని గౌరవించాలని రాసుకుంది. చెప్పలేకపోయినంత మాత్రాన నొప్పి లేనట్టు కాదనీ చేర్చింది. బాగుంది. ఉందన్న మాటని నమ్ముదాం. లేదన్న మాటని? దాన్నీ నమ్మాలంటే సింగూరు వితంతువులందరూ ఆరోగ్యవంతులే, మా అమ్మ కాళ్ళు బాగైనట్టే. నమ్మక్కర్లేదంటే, "నీ ఒంటి సంగతి నీకేం తెలుసు, నాకు తెలుసు" అని ఇన్నాళ్ళూ చెప్పిన డాక్టర్లకీ మొగుళ్ళకీ నాకూ తేడా ఏమిటి? చదువుకున్న కూతురు తల్లి మాటని పక్కన పెట్టడం కూడా పెత్తనమే.

దీనికి జవాబు నాకు పుస్తకాల్లో దొరకలేదు. కాళ్ళు కాలిన వారానికి అమ్మని రాజమండ్రి తీసుకెళ్ళాం. అక్కడ ఒక యువ డాక్టరు, ఆడపిల్ల, ఎక్కడా నొప్పి ఉందా అని అడగలేదు. చిన్న నైలాను పోగు తీసింది. పది గ్రాముల ఒత్తిడికి వంగేలా చేసిన పోగు అది. ముందు అమ్మ చేతి మీద ఆనించి చూపించి, "ఇదిగో, ఇలా ఉంటుందండి. ఇప్పుడు కళ్ళు మూసుకోండమ్మా. ఎక్కడైనా ఇది తగిలినట్టు తెలిస్తే ఆయ్ అనండి, చాలు" అంది. మోకాలి కింద తాకించింది. "ఆయ్" అంది అమ్మ. పిక్క మీద, "ఆయ్". మడమ మీద పోగు వంగింది. అమ్మ ఏమీ అనలేదు. బొటనవేలి కింద వంగింది, అరికాలు మెత్తటి చోట బొబ్బ లేని దగ్గర వంగింది. అమ్మ కళ్ళు మూసుకుని, పరీక్షలో ప్రశ్న ఇంకా ఇవ్వలేదనుకున్న పిల్లలా, శ్రద్ధగా ఎదురుచూస్తూ కూర్చుంది. నేను కిటికీ వైపు తిరిగాను.

ఆ గదిలో జరిగింది అమ్మ మాటని కాదనడం కాదు. పోగు తగిలిందో లేదో చెప్పగలిగేది అప్పుడు కూడా ఆవిడొక్కర్తే. ప్రశ్న మారింది. "తగ్గిందా?" అన్న ప్రశ్నలో జవాబు ముందే ఉంది. అడిగే మనిషి తొందర, ఫీజు, బయట బండి దగ్గర నిలబడ్డ కొడుకు, పని మానుకుని ఫోను చేసిన కూతురు, వీళ్ళందర్నీ ఇబ్బంది పెట్టకూడదన్న పెంపకం అన్నీ ఉన్నాయి. వాటి ముందు 'ఆయ్' తప్ప ఇంకో మాట రాదు. "ఇది తగిలినప్పుడు చెప్పండి" అన్న దానికి ఓర్పు జవాబు చెప్పలేదు, మర్యాద చెప్పలేదు, నరం ఒక్కటే చెప్పగలదు. స్త్రీ మాటని నమ్మడమంటే వచ్చిన జవాబుని రాసుకోవడంతో అయిపోదని నాకప్పుడు అర్థమైంది. ఇంకో జవాబు చెప్పడానికి వీలున్న ప్రశ్న అడగాల్సిన బాధ్యత అడిగేవాళ్ళ మీద ఉంది. నా పరిశోధనలో మౌనాల గురించి రాసినప్పుడు ఆ పాత్రల్ని చుట్టుపక్కల వాళ్ళు ఏమని అడిగారో నేను చూడలేదు. ఆ అధ్యాయం ఇప్పుడు రాస్తే వేరేలా రాస్తాను.

చచ్చిన నరాలు తిరిగి రాలేదు. కుడికాలి గాయం మానడానికి మూడు నెలలు పట్టింది, చిటికెన వేలు తీసేశారు. ఇప్పుడు డాబా మీదికి కూడా చెప్పులతోనే ఎక్కుతుంది. రోజూ రాత్రి భోజనమయ్యాక మంచం మీద కూర్చుని, చేతి అద్దంలో అరికాళ్ళు చూసుకుంటుంది. నొప్పి చెయ్యాల్సిన పని కళ్ళతో చేస్తోంది. నేను ఫోన్లో "ఎలా ఉందమ్మా?" అని అడగడం మానేశాను. "అద్దంలో ఏం కనిపించింది?" అని అడుగుతాను. మొన్న అడిగితే, "ఎడం కాలు బానే ఉందే. కుడికాలు మడమ పక్కన చిన్న పగులు, నిన్న లేదది. రేపు చూపించుకొస్తాను" అని చెప్పి, కాసేపాగి, "నడుం మటుకు ఒకటే పీకుతోంది, అది చెబుదామంటే నువ్వడగవు" అంది.